రాత్రి కాపలాకు మనుషులు కావాలి

శివరాత్రి దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. హనుమకొండ, కాజీపేట, పరకాల, అటు కరీంనగర్, జగిత్యాల నుంచి కూడా చేస్తారు. "అమర్‌నాథ్ లంగరులో సేవకు మేమూ వస్తాం, మా పేర్లు కూడా రాయించండి మేడం" అంటారు. లంగరు అంటే యాత్రికులకు ఉచితంగా అన్నం పెట్టే చోటు. మాది కాశ్మీరులో, అమర్‌నాథ్ గుహకు పోయే దారిలో పంచతరణిలో ఉంటుంది. ఏ పని చేస్తారని అడిగితే దాదాపు అందరిదీ ఒకే మాట: "వడ్డిస్తాం." వడ్డనకు మనుషుల కొదవ ఎప్పుడూ లేదు. యాత్రికులు పడుకున్న గుడారంలో అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా మేల్కొని కూర్చునేవారే దొరకరు. ఫోనులో ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

నేను ఆడపిల్లల సంక్షేమ వసతి గృహంలో వార్డెనుగా పనిచేసి రిటైరయ్యాను. నిద్రపోతున్న పిల్లల మధ్య నడుస్తూ ఎవరికి ఒళ్లు కాలుతోందో, ఎవరు దుప్పటి ముసుగులో ఏడుస్తున్నారో కనిపెట్టడం నా ఉద్యోగంలో సగం. పంచతరణిలో నేను చేసేదీ అదే. స్తోత్రాలు, భజనలు నాకు పెద్దగా రావు. నా చేతికి వచ్చిన పని ఇది, స్వామికి చేయగలిగిందీ ఇదే అనుకుంటాను.

అటువైపు వెళ్లనివారికి దారి సంగతి కొంచెం చెప్పాలి. గుహకు రెండు దారులున్నాయి. బాల్తాల్ నుంచి 14 కిలోమీటర్లు, బాగా నిటారుగా ఉంటుంది. వయసులో ఉన్నవారు తెల్లవారుజామున బయలుదేరి ఆ రాత్రికే దిగివచ్చేస్తారు. రెండోది పహల్గాం వైపు నుంచి పాత దారి. చందన్‌వాడీ దగ్గర నడక మొదలుపెట్టి, పిస్సూ టాప్ ఎక్కి, శేష్‌నాగ్ సరస్సు దగ్గర ఒక రాత్రి పడుకుని, 14,000 అడుగుల ఎత్తున్న మహాగుణాస్ కనుమ దాటి, పంచతరణిలో మరో రాత్రి గడిపి, మర్నాడు పొద్దున్నే గుహకు చేరతారు. శివుడు పార్వతికి అమరకథ చెప్పడానికి వెళ్తూ నందిని పహల్గాంలో, చంద్రుణ్ని చందన్‌వాడీలో, మెడలోని నాగులను శేష్‌నాగ్‌లో, వినాయకుణ్ని మహాగుణాస్‌లో, చివరికి పంచభూతాలను పంచతరణిలో విడిచిపెట్టాడని చెబుతారు. ఐదు పాయలుగా నీళ్లు పారే పెద్ద మైదానం అది. ఎత్తు సుమారు 12,000 అడుగులు. అక్కడ మనిషికి మొదట తక్కువయ్యేది గాలే. ఇక్కడ ఒక ఊపిరికి దొరికే ప్రాణవాయువులో అక్కడ మూడింట రెండు వంతులే దొరుకుతుంది.

మన వరంగల్ సముద్రమట్టానికి వెయ్యి అడుగుల ఎత్తున కూడా ఉండదు. ఇక్కడ అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, జమ్మూలో దిగి, బస్సులో పహల్గాం చేరి, మర్నాడే నడక మొదలుపెట్టే మనిషి ఒంటికి ఆ ఎత్తు అలవాటయ్యే సమయమే ఇవ్వడు. హెలికాప్టర్లు నడిచిన ఏడాదుల్లో నేరుగా పంచతరణిలోనే దిగినవారి పరిస్థితి ఇంకా కష్టం. నడిచి వచ్చినవాడికి కనీసం శేష్‌నాగ్‌లో ఒక రాత్రి దక్కుతుంది.

పంచతరణిలో పడక గుడారాలు చాలావరకు స్థానిక కాశ్మీరీలవి. అద్దె ఎంతో ముందే నిర్ణయించి ఉంటుంది. మా లంగరు వెనుక మాత్రం పొడవాటి గుడారం ఒకటి ఉచితంగా నడుస్తుంది. అద్దె గుడారం దొరకనివారు, చేతిలో డబ్బు అయిపోయినవారు, తోటివారి నుంచి తప్పిపోయినవారు, వానలో తడిసి పొద్దుగూకాక చేరినవారు అందులో పడుకుంటారు. ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు, మధ్యలో టార్పాలిన్ తెర. సేవకు వచ్చే ఆడవాళ్లు చాలా తక్కువ కాబట్టి తెర అవతలి వైపు భారం నాది.

గుడారం ఎలా వేయాలో మాకు నేర్పింది పక్కన గుడారాలు నడిపే ఒక కాశ్మీరీ పెద్దాయన. ఐదు పూటల నమాజు తప్పని మనిషి. మాలో ఎవరికీ ఆయన భాష రాదు, ఆయన హిందీ మాకు సగమే అర్థమయ్యేది, అందుకని అన్నీ చేసి చూపించేవారు. గుడారం చుట్టూ జానెడు లోతు కాలువ తవ్వాలి. తవ్విన మన్నును గుడారం అంచు మీదికి నెట్టి తొక్కాలి. నేల మీద ముందు ప్లాస్టిక్ పట్టా, దాని మీద పరుపులు, తలలు ఎత్తు వైపు ఉండాలి. చదునుగా, అందంగా కనిపించినా సరే, పాయ ఒడ్డున మాత్రం గుడారం వేయకూడదు. ఆ చివరి మాట ఎంత విలువైనదో 2022లో దేశమంతటికీ తెలిసింది. ఆ ఏడాది జూలై 8 సాయంత్రం కుండపోత వానకు గుహ దగ్గర వరద విరుచుకుపడి గుడారాలు, లంగర్లు కొట్టుకుపోయాయి. పదిహేను మందికి పైగా చనిపోయారు.

పగటి పనుల్లో ముఖ్యమైనది రజాయిలు ఎండబెట్టడం. చూడటానికి చిన్న పని. కానీ రాత్రంతా అంతమంది విడిచే ఊపిరి గుడారం కప్పుకు తగిలి చుక్కలు కట్టి, మళ్లీ వాళ్ల మీదే పడుతుంది. తెల్లారేసరికి ప్రతి రజాయి పైపొరలో చెమ్మ ఉంటుంది. అది ఆరకపోతే మర్నాడు రెండు రజాయిలు కప్పినా చలి ఆగదు. అక్కడి చలికి వేళ్లు మొద్దుబారి ఉంటాయి కాబట్టి చేత్తో తడిమితే ఆరిందో లేదో తెలియదు. చెంపకు ఆనించి చూడాలి. నేను ఒక్కో రజాయినీ అలా చూసే మడత పెడతాను. ఎండ కొండ అంచు దాటి మైదానంలోకి దిగే వేళకు అన్నీ రాళ్ల మీద పరిచి ఉండాలి. మధ్యాహ్నం మబ్బు పట్టేలోగా ఒకసారి తిరగేయాలి. పరకాల నుంచి వచ్చే దర్జీ ఒకరు దబ్బనం, దారం పట్టుకుని చిరిగినవన్నీ అక్కడే కూర్చుని కుట్టేస్తారు. ఆయన వడ్డన దగ్గర ఎప్పుడూ కనిపించరు. మా గుడారంలో హాయిగా నిద్రపోయిన ప్రతి మనిషీ ఆయనకు రుణపడి ఉన్నట్టే.

వంట గురించి కూడా కొంత చెప్పాలి. మన దగ్గర పెళ్లిళ్లలో వెయ్యి మందికి అవలీలగా వండే మాస్టార్లు కూడా పంచతరణిలో మొదటి రోజు తలపట్టుకుంటారు. ఆ ఎత్తున నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎసరు తెర్లుతుంది, గంజి పొంగుతుంది, మెతుకు మాత్రం లోపల పలుకుగానే ఉంటుంది. మంట పెంచితే నీళ్లు తొందరగా ఇగిరిపోతాయే తప్ప వాటి వేడి పెరగదు. కందిపప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే పప్పుకూ అన్నానికీ పెద్ద పెద్ద ప్రెషర్ కుక్కర్లు తప్పనిసరి. మూత బిగించి ఆవిరిని పట్టి ఉంచితేనే నీరు ఇంకా వేడెక్కుతుంది. తెల్లవారుజామున గ్యాసు కూడా మొరాయిస్తుంది. సిలిండరులో సగానికి పైగా ఉన్నా చలికి అది ఆవిరి కాదు, మంట సన్నగిల్లుతుంది. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో సిలిండరు నిలబెడితే మళ్లీ అందుకుంటుంది. పల్లీనూనెతో పెట్టిన మామిడికాయ తొక్కు జాడీలోనే గడ్డకడుతుంది. ఇంటి నుంచి తెచ్చేవారు నువ్వులనూనెతో పెట్టి తేవాలి.

వేపుళ్లు, పూరీలు, జిలేబీలు, శీతల పానీయాలు లంగర్లలో పెట్టకూడదని యాత్రను నడిపే ష్రైన్ బోర్డు నియమం. దీని మీద సణిగేవారున్నారు. నాకైతే చాలా మంచి నియమం అనిపిస్తుంది. ఆ ఎత్తులో కడుపు మామూలుగా పనిచేయదు, నూనె సరుకు తిని నడిస్తే మధ్య దారిలోనే వాంతులవుతాయి. రాత్రి చేరిన యాత్రికుడికి రాగానే పళ్లెం నిండా అన్నం పెట్టేయడం కూడా సరికాదు. ముందు తడి సాక్సులు విప్పించాలి, గోరువెచ్చని నీళ్లు తాగించాలి, కాసేపాగి మిరియాల చారు ఒక గ్లాసు ఇవ్వాలి. చారు కడుపులో నిలిస్తే అప్పుడు అన్నం. మన వైపు వాళ్లు చారు వాసన తగలగానే "మీదే ఊరు?" అని అడుగుతారు. అమృత్‌సర్ నుంచి, ఇండోర్ నుంచి వచ్చినవాళ్లు కూడా ఇప్పుడు రెండో గ్లాసు అడిగి తాగుతున్నారు.

ఇక రాత్రి సంగతి. తొమ్మిది దాటాక జనరేటరు ఆపేస్తాం. జూలైలోనే అయినా చలి సున్నాకు దగ్గరగా దిగుతుంది. పగలంతా నిలబడి వడ్డించినవారు అలిసిపోయి పడుకుంటారు, అందులో తప్పులేదు. అప్పుడు లేచేది మేము ముగ్గురు నలుగురం. మగవాళ్ల వైపు కాపలాకు గోదావరిఖని నుంచి వచ్చే ఒకాయన ఉంటారు. సింగరేణి గనిలో ఏళ్ల తరబడి నైట్ షిఫ్టు చేసి రిటైరైన మనిషి. రాత్రి రెండింటికి అందరి కళ్లు మూతలు పడుతుంటే ఆయన చూపు ఇంకా చురుగ్గా ఉంటుంది. గనిలో పనిచేసినవారికి గాలి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. తోటి మనిషి ఊపిరిలో తేడాను ఆయన నాకంటే ముందు పసిగడతారు.

ఊపిరి వినడమే మా కాపలా. ఇది డాక్టర్ల గుడారంలో కూర్చుని అడిగి తెలుసుకున్న విద్య. ఆ ఎత్తున కొందరికి నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. మనం గుండె చిక్కబట్టుకుని చూస్తుండగా, కొన్ని క్షణాలకు ఒక్కసారిగా పెద్దగా అందుకుంటుంది. మళ్లీ కాసేపు మామూలు, మళ్లీ ఆగుతుంది. మొదటిసారి విన్నవారు హడలిపోయి లేపేస్తారు. అదొక్కటే అయితే ప్రమాదం కాదు, నిద్రపోనివ్వాలి. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, తడి దగ్గు, రొమ్ములో గురగుర, పెదవులు నీలం తిరగడం, అడిగినదానికి పొంతనలేని జవాబు, తాగినవాడిలా తూలడం. అనుమానం వస్తే నేల మీద తాడు పరిచి, ముందు కాలి మడమ వెనక కాలి వేళ్లకు ఆనేలా దాని వెంబడి నడవమంటాం. నడవలేకపోతే ఇక తెల్లవారేదాకా ఆగకుండా డాక్టరును లేపాలి. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుకు అసలు మందు కిందికి దిగడమే. ఆక్సిజన్, మాత్రలు అందాకా ఆదుకుంటాయి. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్ర వేసుకుంటే ఊపిరి ఇంకా మందగిస్తుంది. ఆ మాత్రలు దాచుకుని తెచ్చేవారు ఎందరో.

చాలామంది దాస్తారు. అసలు ఇబ్బంది అదే. తలనొప్పి ఉందంటే పైకి పోనివ్వరేమోనని భయం. ఒక రాత్రి ఆడవాళ్ల వైపు చివరి పడకలో జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గోడవైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని దగ్గుతోంది. దగ్గు మాకు వినిపించకూడదని. దగ్గరికి వెళ్లి వీపు మీద చెయ్యి వేశాను. స్వెట్టరు మీది నుంచే గురగుర చేతికి తెలిసింది. "ఏం లేదు బిడ్డా, చలిగాలి తగిలింది" అంది. సాయంత్రం నుంచి రెండుసార్లు వాంతి చేసుకుని, మన్ను కప్పి వచ్చిందట. పక్క పడకలోని అమ్మాయి తర్వాత చెప్పింది. తాడు మీద రెండు అడుగులు కూడా వేయలేకపోయింది. డాక్టరు ఆక్సిజన్ పెట్టి, వెలుగు రాగానే బాల్తాల్‌కు దించమన్నారు.

డోలీ దొరికింది. పంచతరణి నుంచి బాల్తాల్‌కు దించాలంటే రెండు దారులూ కలిసే సంగం మీదుగానే పోవాలి. సంగం దగ్గర నుంచి గుహ రెండు మూడు కిలోమీటర్లే. అక్కడ ఆవిడకు ఆ సంగతి అర్థమైంది. డోలీ దించమంది, నా చెయ్యి పట్టుకుని బతిమాలింది, తర్వాత తిట్టింది. "ఆరేళ్లు పైసాపైసా కూడబెట్టి వచ్చిన. నువ్వెవరు నన్ను ఆపేదానికి?" అంది. డోలీ మోసేవాళ్లు నలుగురూ నా ముఖం చూశారు. నేను కిందికే పొమ్మన్నాను. బాల్తాల్ ఆసుపత్రిలో సాయంత్రానికి దగ్గు నెమ్మదించింది, మనిషి లేచి కూర్చుంది. నాతో మాత్రం మాట్లాడలేదు. వాళ్ల కొడుకు వచ్చి తీసుకుపోయేటప్పుడు కూడా తల తిప్పుకుంది. ఆమె కోపం న్యాయమైనదే. నేను చేసిందీ న్యాయమే. మళ్లీ అటువంటి రాత్రి వస్తే మళ్లీ అదే చేస్తాను.

సేవకు వచ్చేవారికి ఈ గట్టితనం ఉండాలి. యాత్రికుడిని సంతోషపెట్టడం ఒకటే సేవ అనుకునేవారు రాత్రి కాపలాకు పనికిరారు.

ఆరోగ్య ధ్రువపత్రం విషయంలో నాకు చాలా కోపం ఉంది. 13 ఏళ్ల లోపు పిల్లలు, 70 దాటినవారు, ఆరు వారాలు నిండిన గర్భిణులు రాకూడదని, అందరూ వైద్య పరీక్ష చేయించుకుని పత్రం తేవాలని నియమం ఉంది. ఇది ఎవరో ఆఫీసులో కూర్చుని పెట్టిన బెడద కాదు. 1996 ఆగస్టులో మంచు తుఫానులో చిక్కుకుని రెండు వందల మందికి పైగా యాత్రికులు ఆ దారిలోనే చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం నీతీశ్ సేన్‌గుప్తా కమిటీ వేసింది. యాత్రికుల సంఖ్యకు, వయసుకు, ఆరోగ్యానికి హద్దులు ఉండాలన్న ఆలోచన అంతమంది ప్రాణాలు పోయాక వచ్చింది. మనవాళ్లు ఏం చేస్తున్నారు? తెలిసినవారి చేత సంతకం పెట్టించుకుని వస్తున్నారు. బీపీ చూడరు, రొమ్ముకు స్టెతస్కోపు ఆనించరు. ఆ సంతకం కష్టం రాత్రి రెండింటికి మా గుడారంలో తేలుతుంది. దయచేసి మీ అమ్మానాన్నలను పంపేటప్పుడు నిజమైన పరీక్ష చేయించండి. నెల ముందు నుంచే రోజూ నడిపించండి. భద్రకాళి చెరువు కట్ట మీద ఉదయం, సాయంత్రం నడవనివ్వండి. పద్మాక్షి గుట్ట ఎక్కి దిగమనండి. గుట్ట మెట్లకే ఆయాసపడేవారిని మహాగుణాస్ దాటించాలని చూడకండి.

గుడారంలో పడుకునేవారికి కూడా రెండు మాటలు. ఉచితంగా దొరికిన పడక కాబట్టి ఎలా వదిలేసినా ఫరవాలేదనుకోకండి. తడి చెప్పులు, వాన కోట్లు రజాయిల మీద వేయకండి, మీ తర్వాత ఇంకొకరు అదే కప్పుకోవాలి. రాత్రి మూడింటికి లేచి బయలుదేరేవారు సంచులు ముందు రోజే సర్దుకోండి. చీకట్లో ప్లాస్టిక్ సంచుల చప్పుడుకు నలభై మంది లేస్తారు. గ్లాసులు, నీళ్ల సీసాలు పాయలో పారేయకండి. కింద ఉన్న ఊళ్లు తాగే నీళ్లు అవి. గుర్రాలవాళ్లను, డోలీ మోసేవాళ్లను, సామాను మోసే పిట్టూలను "ఏయ్" అని పిలవకండి. అక్కడ అందరూ ఒకరినొకరు "భోలే" అనే పిలుచుకుంటారు. మీరూ అలాగే పిలవండి. వారిలో చాలామంది ముస్లింలు. తరతరాలుగా మన వాళ్లను భుజాల మీద ఎక్కించుకుని గుహకు చేరుస్తున్నారు. ఆ పెద్దావిడను జారుడు బాటలో ఒక్క కుదుపు లేకుండా దించింది కూడా వాళ్లే.

ఈసారి రాదలచుకున్నవారికి చెప్పేది ఇంతే. సేవకులకు కూడా ఆరోగ్య పత్రం, పోలీసు ధ్రువీకరణ ఉండాలి, వాటికి సమయం పడుతుంది. పహల్గాంలో రెండు రోజులు, శేష్‌నాగ్‌లో ఒక రోజు ఆగి, ఒళ్లు ఆ ఎత్తుకు అలవాటయ్యాకే పంచతరణికి రావాలి. ఉన్ని సాక్సులు నాలుగు జతలు, తలకు కట్టుకునే లైటు ఒకటి తెచ్చుకోండి. లైటుకు ఎర్ర కాగితం అంటించి తేవాలి, తెల్ల వెలుగు ముఖం మీద పడితే పడుకున్నవారికి నిద్ర చెడుతుంది. పగలు మధ్యాహ్నం దాకా మీ నిద్రకు ఎవరూ అడ్డు రారు, ఆ పూచీ నాది. వడ్డనకు పేర్లు ఇప్పటికే నిండాయి. తెర అవతలి వైపు కాపలాకు ముగ్గురు ఆడవాళ్లు కావాలి. నర్సులుగానో, ఆయాలుగానో, వార్డెన్లుగానో చేసినవారైతే మరీ మంచిది. పేరు, వయసు, బీపీ, షుగరు వివరాలు ఏమీ దాచకుండా ఉగాది లోపు నాకు చెప్పండి.